రెండు పుల్లల వెడల్పు

బీరువా కింది అర తెరిచేసరికి ముందు టాల్కం పౌడరు వాసన వచ్చింది, దాని వెనకాలే రబ్బరు వాసన. రబ్బరు వాసన నాకు కొత్త కాదు. నేనొక ల్యాబులో పనిచేస్తాను. తెల్లవారకముందే బయల్దేరి మల్కాజ్‌గిరి, మౌలాలి, తిరుమలగిరి ఇళ్ళన్నీ తిరిగి పరీక్షలకు రక్తం తీసుకొస్తాను. జబ్బకు బిగించే రబ్బరు గొట్టం వాసన ఎంత సబ్బు పెట్టి కడిగినా వేళ్ళను వదలదు, అన్నం కలుపుకుంటుంటే కూడా తెలుస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ వాసనంటే మొహం మొత్తిపోయింది. కానీ పౌడరుతో కలిసిన ఈ వాసన వేరు. ఇది తగిలితే ఎంత అలసిపోయి ఉన్నా, వెనక నుంచి ఎవరో "నడుం నిటారుగా" అన్నట్టుంటుంది. సర్దుకుని నిలబడతాను.

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చెప్పులు విప్పుతుండగా ఆటో యాదగిరి ఫోను చేశాడు. "మణక్కా, మౌలాలిల రైల్వే క్వార్టర్ల కాడ చెట్టుకు గద్ద ఏలాడుతున్నది. మాంజా రెక్కకు సుట్టుకున్నది. జెర వస్తవా? నేను ఆటో తీస్కొని వస్తున్న" అన్నాడు. పతంగుల రోజులు వస్తే చాలు, తెగిపడిన ఆ పతంగి దారాలకు పిట్టలు చిక్కుకుంటాయి, ఇవే ఫోన్లు. కాళ్ళు పీకుతున్నాయి, పొద్దుటి నుంచి ఎక్కిన మెట్లన్నీ మోకాళ్ళలో ఉన్నాయి. ఇవాళ నా వల్ల కాదని చెప్పడానికే నోరు తెరిచాను. రమ్మని చెప్పి ఫోను పెట్టేశాను. అందుకే ఈ అర తెరవాల్సి వచ్చింది.

అరలో రెండు ఉండేళ్ళు ఉన్నాయి. ఉండేలంటే పిల్లలు పంగ కర్రకు రబ్బరు కట్టి రాళ్ళు కొడతారే, అదే. క్యాట్‌బాల్ అనేవాళ్ళు కొందరు, యాదగిరి గులేరు అంటాడు. ఒకటి నాది, పంగ ఇరుకుగా ఉంటుంది. రెండోది మామూలు కంటే బాగా వెడల్పు. చూసినవాళ్ళు దీంతో ఏనుగుల్ని కొడతారా అని నవ్వుతారు. అది ఎస్తేరు టీచరుది. ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్ళింది షుగరు పరీక్షకు. మౌలాలి గుట్ట కనిపించే సందులో పాత పెంకుటిల్లు, పెరట్లో జామచెట్టు, వరండాలో ఒక ఇనప కుర్చీ. భర్త రైల్వేలో గార్డుగా చేసి పోయాడట, పిల్లలు లేరు. పొడుగాటి మనిషి, పొడుగాటి మొహం, మెడలో సన్న గొలుసుకు చిన్న శిలువ. సన్నటి చేతులు, నరం దొరకలేదు. సూది గుచ్చాను, రక్తం రాలేదు. క్షమించమని చెప్పి ఇంకోసారి గుచ్చాను, అప్పుడూ రాలేదు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు తిడతారు, లేదంటే మొహం తిప్పుకుంటారు. ఆవిడ తన చేతినే జాగ్రత్తగా చూసుకుంటూ కూర్చుంది.

"రెండుసార్లూ నరానికి కుడిపక్కనే గుచ్చావు, చూశావా?" అంది.

"పొద్దుటి నుంచి తిరుగుతున్నానండీ, చెయ్యి సరిగ్గా ఆడట్లేదు."

"చెయ్యి ఆడకపోతే ఓసారి అటు, ఓసారి ఇటు పోవాలి. ఒకే చోట తప్పుతుంటే అది చెయ్యి తప్పు కాదమ్మా. కొలత ఎక్కడో తప్పింది. నువ్వు వెలుగుకు అడ్డం నించున్నావు. నీ నీడే నా నరాన్ని పక్కకి జరుపుతోంది. ఇటు రా."

అటు జరిగాను. నరం దొరికింది. సీసా మూత పెట్టి లేబులు రాస్తుంటే ఆవిడ నా చేతిలోని రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్ళతో లాగి, వదిలి, మళ్ళీ లాగింది. "ఇవి పాతబడితే ఏం చేస్తారు?" అని అడిగింది. పారేస్తామని చెప్పాను. "పారెయ్యకు. కడిగి నాకు తెచ్చిపెట్టు, ఉండేలుకు కట్టుకుంటాను" అంది. షుగరు మరీ ఎక్కువైతే మనుషులు ఇలా మాట్లాడతారా అని దారి పొడుగునా అనుకున్నాను. రిపోర్టు చూస్తే షుగరు అంత ఎక్కువేమీ లేదు.

ఆవిడది బాపట్ల వైపు. పెళ్ళయి సికింద్రాబాదు వచ్చి, తిరుమలగిరిలో ఒక బడిలో సర్వీసంతా డ్రిల్లు టీచరుగా చేసింది. మగపిల్లల జేబుల్లోంచి లాక్కున్న ఉండేళ్ళన్నీ ఆటల గదిలో ఒక చెక్కపెట్టెలో పడేసేదట. ప్రతివాడూ నాది నాకివ్వండి టీచర్, ఇంకోడిది వద్దు అని ఏడ్చేవాడట. ఇందులో ఇంత పట్టుదల ఏముందా అని, ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక గోలుపోస్టుకు ఒక డబ్బామూత వేలాడదీసి పెట్టెలోవన్నీ ఒక్కొక్కటే కొట్టి చూసిందట. ఒకటి పైకి కొడుతోంది, ఒకటి కిందికి, ఒకటి సరిగ్గా తగులుతోంది. చెయ్యి అదే, కన్ను అదే. ఎందుకిలా అవుతోందో తెలిసేదాకా ఆవిడకు నిద్రపట్టలేదట. "వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు మణీ. ఎవడిది వాడికే తగులుతుంది" అనేది. ఈ సంగతి చెప్పేటప్పుడల్లా ఆ పిల్లల మీద ఇప్పటికీ కొంచెం గౌరవం వినిపించేది.

గొట్టాలు ఇవ్వడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఇచ్చి వెళ్ళిపోదామనుకున్నాను. ఆవిడ ఊరుకుంటేనా. జామచెట్టుకు కట్టిన రేకు పళ్ళెం ముందు నన్ను నిలబెట్టింది. నా వయసు ఆడవాళ్ళను ఆడమని ఎవరూ అడగరు. మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. చిన్నప్పుడు మా అన్న దగ్గర ఉండేలు ఉండేది, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ ఉక్రోషం ఇంకా మిగిలి ఉందని ఆవిడ ఉండేలు చేతిలోకి తీసుకున్నాకే తెలిసింది.

పంగను నిలువుగా పట్టుకుని రెండు కొమ్మల మధ్యలోంచి చూశాను, మా అన్న అలాగే చూసేవాడు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని పంగను పక్కకు పడుకోబెట్టింది. "మధ్యలో ఖాళీ తప్ప ఏముంది, దేన్ని చూసి కొడతావ్? ఇట్లా పడుకోబెడితే ఒక కొన పైకి వస్తుంది. కన్ను, ఆ కొన, పళ్ళెం ఒక వరసలో పెట్టు. రాయి పెట్టిన తోలుముక్కను పెదవి మూలదాకా లాగు, బొటనవేలు అక్కడ ఆనాలి. రోజూ అక్కడే. ఇవాళ పెదవికీ రేపు చెవికీ లాగితే దేవుడు కూడా కొట్టలేడు." చెప్పినట్టే చేశాను. రాయి పళ్ళెం కిందుగా పోయి గోడకు తగిలింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అక్కడే. ఎన్నిసార్లు కొట్టినా పళ్ళేనికి జానెడు కిందనే.

"చెయ్యి వణుకుతోంది టీచరుగారూ."

"వణికితే అన్ని వైపులా పోతాయి. నీవి బుద్ధిగా అన్నీ ఒకే చోటికి పోతున్నాయి" అని లోపలికి వెళ్ళి చీపురు తెచ్చింది. ఒక పుల్ల లాగి, తన కంటికింద ఒక కొన ఆనించి, పెదవి మూల దగ్గర విరిచింది. ఇంకో పుల్ల నా కంటికింద ఆనించి నా పెదవి దగ్గర విరిచింది. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించింది. నాది పొట్టిది. తన పుల్లను తన పంగ మధ్య ఒకసారి, దాని పక్కన ఇంకోసారి పెట్టింది. సరిగ్గా రెండు పుల్లల వెడల్పు.

అప్పుడు నేలమీద గీసి చెప్పింది. మనం చూసేది పంగ పైకొనను, రాయి వెళ్ళేది పంగ నడుమ నుంచి. అంటే రాయి దారి మన చూపుకంటే సగం పంగ కిందుగా ఉంటుంది. ఇటు మొహం దగ్గర, రాయి బయల్దేరేది పెదవి మూల నుంచి. అదీ కంటికంటే కిందుగానే ఉంటుంది. ఈ రెండు కిందులూ సమానమైతే చూపూ రాయీ జంటగా ప్రయాణం చేస్తాయి. పంగ మొహానికి మించి వెడల్పయితే రాయి దిగువకు పోతుంది, ఇరుకైతే ఎగువకు పోతుంది. "నా పంగ నా పొడుగు మొహానికి. నీ పిడికెడు మొహానికి అది పెద్దదయింది. అంతే, నీ తప్పేం లేదు" అంది. ఎన్నాళ్ళయిందో ఎవరైనా నాతో ఆ మాట అని. కళ్ళు చెమర్చాయి. ఆవిడ చూసి, "దీంట్లో నీతి ఏమీ లేదమ్మా, మొహం కొలత. అయినదానికీ కానిదానికీ ఏడవకు" అంది.

జామకొమ్మ పంగ కోసి, పచ్చిగా ఉండగానే నా పుల్లకు రెండింతల కర్రముక్క మధ్యలో పెట్టి తాడుతో బిగించి ఎండలో పెట్టింది. ఎండాక ముక్క తీసేస్తే పంగ ఆ వెడల్పుకే నిలిచిపోతుంది. అలా నాది తయారైంది. మొదటిరోజే పళ్ళెం మోగింది, రెండోరోజు నా బొటనవేలు గోరు నల్లబడింది. ఇరుకు పంగతో వచ్చే తిప్పలు అవే. తోలు ఏమాత్రం మెలితిరిగినా రాయి వేలినే వెతుక్కుంటుంది. వెడల్పు పంగ వేళ్ళను కాపాడుతుంది గానీ మణికట్టు రవ్వంత తిరిగితే రాయి పక్కింటికి పోతుంది. ఏ సుఖానికి ఆ కష్టం ఉందనేది ఆవిడ. రబ్బరు అంటుకుపోకుండా పౌడరు రాయడం కూడా అప్పుడే నేర్పింది.

ఇదంతా ఎందుకో పతంగుల రోజులు వచ్చేదాకా నాకు తెలియలేదు. తిరుమలగిరిలో పెద్ద నిద్రగన్నేరు చెట్టుకు ఒక కొంగ తలకిందులుగా వేలాడుతోందని యాదగిరి వచ్చి చెప్పాడు. నైలాను మాంజా కొమ్మకు చిక్కుకుని, ఆ మాంజాకు కొంగ రెక్క చిక్కుకుంది. యాదగిరి తమ్ముడికి బండి మీద పోతుంటే అలాంటి దారమే మెడకు కోసుకుని కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి ఏ చెట్టుకు ఏ పిట్ట చిక్కినా ఆటోలో టీచరును ఎక్కించుకుని పోతాడు. టీచరు గాలపు దారాన్ని స్టీలు పళ్ళెంలో చుట్టలుగా పేర్చింది. దాని కొసకు సీసపు గుండు కట్టి తోలులో పెట్టుకుంది. చాలాసేపు చెట్టువైపు చూస్తూ ఊరికే నిలబడింది. తర్వాత లాగడం, వదలడం రెండూ ఒకేసారి అయిపోయాయి. గుండు కొమ్మ మీదుగా పోయి అవతల కిందికి దిగింది, దాని వెనకాలే దారం. దారానికి సన్న తాడు కట్టి పైకి లాగి కొమ్మను ఊపితే మాంజా జారింది. కింద నలుగురు పట్టుకున్న దుప్పట్లో కొంగ పడింది.

తిరిగి వస్తుంటే, "లాగి ఆలోచించకు, ఆలోచించి లాగు. లాగిపట్టుకున్న కొద్దీ చెయ్యి వణుకుతుంది" అంది. నేను వినడం లేదు. ఆ కొంగ వేలాడింది కొమ్మ కిందనే, జానెడు దిగువన. ఆవిడ పంగతో నేను కొట్టి ఉంటే ఆ సీసపు గుండు ఎక్కడ తగిలేదో లెక్క కట్టుకుంటున్నాను. ఆ మాట చెబితే ఆవిడ నా చేతిమీద తట్టి, "అందుకేగా పుల్ల విరిచింది" అంది.

తర్వాత చాలా ఏళ్ళు నా ఆదివారాలు అక్కడే గడిచాయి. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం, అమ్మాయి చదువు, నా మెట్లు. ఇంట్లో అందరం అలసిపోయి ఒకరినొకరు దాటుకుంటూ తిరిగేవాళ్ళం. ఆవిడ దగ్గర ఓదార్పు దొరుకుతుందని వెళ్ళేదాన్ని కాదు, దొరికేదీ కాదు. ఒకసారి మాత్రం రోజూ అమ్మాయి మీద అరుస్తున్నానని చెప్పుకున్నాను. "రోజూ ఒకే వేళకా?" అని అడిగింది. అవును, ఇంట్లోకి అడుగుపెట్టగానే అన్నాను. "అయితే నీ కోపం తప్పు కాదు, వేళ తప్పు. వెళ్ళగానే ఎవరితోనూ మాట్లాడకు. మొహం కడుక్కో, టీ తాగు, తర్వాత అరవాలనిపిస్తే అరుచుకో." ఇది నీతి కాదా టీచరుగారూ అంటే, కాదు, కొలతే అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీ తాగేదాకా నాతో ఎవరూ మాట్లాడరు.

ఒక వానాకాలం పొద్దున రక్తం తీయడానికి వెళితే ఆవిడ మొహం కుడివైపు జారిపోయి ఉంది. కన్ను మూతపడటం లేదు. పెదవి మూల కిందికి దిగి, తాగిన నీళ్ళు అక్కడి నుంచి కారుతున్నాయి. ఆవిడ తువ్వాలుతో గడ్డం తుడుచుకుంటూ, "మూతి వంకరపోయింది. బళ్ళో ఉంటే పిల్లలు ఎంత చక్కగా అనుకరించేవాళ్ళో" అంది. పక్షవాతం కాదు, మొహం నరం ఒక్కటే దెబ్బతింది, చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. కొందరికి పూర్తిగా తగ్గుతుంది, ఈ వయసులో షుగరుతో చెప్పలేమన్నారు. కొంచెం తగ్గింది, మిగతాది అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళు చర్చికి కూడా వెళ్ళలేదు. పాట పాడబోతే గాలంతా పెదవి మూల నుంచి పోతోంది, దేవుడికి ఈల వేస్తున్నట్టుంది అనేది.

పాత మాంజాలు ఏడాది పొడుగునా చెట్లమీదే ఉంటాయి. వానలు వెనకపట్టాక మౌలాలిలోనే ఒక కాకి చిక్కుకుంటే యాదగిరి వచ్చాడు. నేనూ వెళ్ళాను. ఆవిడ ఎప్పటిలాగే నిలబడింది, చూసింది, లాగి వదిలింది. గుండు కొమ్మకు చాలా పైనుంచి పోయి చిటారు రెమ్మల్లో దారం చిక్కుకుంది. దారం తెంపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ పైకే. జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి. నన్ను కొట్టమని అడగలేదు, నేనూ చెయ్యి చాపలేకపోయాను. వెనక నుంచి ఎవరో, "పెద్దమ్మను ఎందుకు పరేషాన్ చేస్తున్రు, ఫైరోళ్ళకు ఫోన్ కొట్టుండ్రి" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. ఆవిడ రబ్బరును పంగ చుట్టూ చుట్టి, ఆటోలో కూర్చుని, "యాదగిరీ, ఇక నన్ను పిలవద్దు" అంది. ఆ కాకి చెట్టు మీదే పోయింది.

"కన్ను పోయింది మణీ" అంది ఇంటికొచ్చాక. నేనూ అదే అనుకున్నాను. మూతపడని కన్ను, ఎప్పుడూ నీళ్ళు కారే కన్ను, దాంతో గురి ఎలా కుదురుతుంది? ఇక విశ్రాంతి తీసుకోండి అన్నాను. చర్చి వాళ్ళు అదే అన్నారు, యాదగిరి అదే అన్నాడు. అందరం ప్రేమగానే చెప్పాం. ఆవిడ ఉండేలును ట్రంకు పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడను చూడటం నాకు కష్టమైపోయింది. వరండా కుర్చీలో వాలి కూర్చునేది, ఆ నడుం వాలడం నేనెన్నడూ చూడలేదు. రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైతే తల తిప్పేది. అది యాదగిరి ఆటో కాకపోతే మళ్ళీ తిప్పేసుకునేది. వీధిలో పిట్ట చిక్కితే గుర్తొచ్చే మనిషి అనేదే ఆవిడకు మిగిలిన ఉద్యోగం. మేమంతా కలిసి ఆ ఉద్యోగం నుంచి ఆవిడ చేత పదవీ విరమణ చేయించాం.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆవిడ పడుకుని ఉంది. జామకాయలు కోద్దామని పెరట్లోకి వెళ్ళాను. రేకు పళ్ళెం అక్కడే వేలాడుతోంది. దాని వెనక గోడమీద సున్నం పెచ్చులు కొత్తగా రాలి ఉన్నాయి. ట్రంకులో పెట్టానన్నది అబద్ధం. ఎవరూ లేనప్పుడు ఒక్కతే కొడుతోంది. పాపం, ఒక్కటీ పళ్ళేనికి తగలడం లేదు అనుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాను. దెబ్బలన్నీ పళ్ళేనికి పైన ఉన్నాయి. కుడికి లేవు, ఎడమకు లేవు, కిందికి లేవు. అరచెయ్యంత మేరలో గుంపుగా, బుద్ధిగా, అన్నీ ఒకే చోట.

కన్ను పోతే ఇలా ఉండవు. చెయ్యి పోయినా ఇలా ఉండవు. ఈ మాట నాకు చెప్పిన మనిషి లోపల పడుకుని ఉంది.

చీపురు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆవిడ లేచి కూర్చుని, "ఏందమ్మా, ఇల్లు ఊడుస్తావా?" అంది. "అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయింది టీచరుగారూ?" అని అడిగాను. గోడకున్న అద్దం మీద తువ్వాలు వేసి ఉంది. ఊరందరి మొహాలూ కొలిచిన మనిషి తన మొహం వైపు చూడటం మానేసింది. పుల్ల లాగి ఆవిడ కంటికింద ఆనించాను. ఆవిడ చేతులు ఎన్నిసార్లు పట్టుకున్నానో, మొహాన్ని ముట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. చర్మం మెత్తగా, కొంచెం చల్లగా ఉంది. ఆ కంట్లోంచి నీరు నా వేలిమీదికి కారింది. అది ఏడుపు కాదు, ఆ కన్ను అలాగే కారేది. జారిన పెదవి మూల దగ్గర పుల్ల విరిచాను. మొదట్లో ఆవిడ తన మొహానికి విరిచిన పుల్లను నా సంచిలో దాచుకున్నాను, అది తీసి పక్కన పెట్టాను. కొత్తది పొడుగ్గా ఉంది.

ఆవిడ రెండు పుల్లలనూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే కన్ను కాదు" అంది.

"కాదు. పెదవి దిగింది, పంగ పాతదే ఉంది. ఇరుకైపోయింది మీకు. అందుకే పైకి పోతున్నాయి. కావాలంటే పెదవిని వదిలేసి ఇంకొంచెం పైన ఆనించి లాగండి."

"ఇన్నేళ్ళ చెయ్యి, చెబితే వింటుందా? అది పెదవి దగ్గరికే పోతుంది." ఆగి, మళ్ళీ పుల్లల వైపు చూసి, "పంగ మార్చాలి" అంది. నవ్వింది కూడా. మొహంలో ఒక్క సగమే నవ్వింది, రెండో సగం చూస్తూ కూర్చుంది.

ఆవిడ జామచెట్టుకే వెడల్పాటి పంగ వెతికి కోశాను. కొత్త పుల్లకు రెండింతల ముక్క మధ్యలో పెట్టి బిగించాను. ఆవిడ కుర్చీలో కూర్చుని తాడు వదులు, ముడి తప్పు, అటు తిప్పు అని ఈలలేని డ్రిల్లు చేయించింది. ఆవిడ పెంకుటింటికి డాబా లేదు కాబట్టి మా మల్కాజ్‌గిరి ఇంటి పిట్టగోడ మీద ఎండబెట్టాను. ఎండాక తీసుకెళ్తుంటే యాదగిరి చూసి, "గిది గులేరా, గేటా?" అన్నాడు. ఆ పంగ మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆవిడ నడుం నిటారుగా అయింది. పెరట్లో పళ్ళెం మోగిన చప్పుడు నేను వంటింట్లో ఉండి విన్నాను. పరుగెత్తుకుని వెళ్ళలేదు. ఆ చప్పుడు ఆవిడ ఒక్కతే వినాలనిపించింది.

పతంగుల రోజులు వచ్చాయి. ఆ ఆదివారం ఆరాధన అయి జనం బయటికి వస్తుంటే చర్చి వెనక చెట్టుకు గుడ్లగూబ వేలాడుతూ కనిపించింది. అది ఇంటి మీద వాలితేనే అరిష్టమనుకునే ఊరు మనది. పక్క ఇళ్ళవాళ్ళు దాన్ని ముట్టుకోవద్దన్నారు. కాకి రోజున ఉన్నవాళ్ళలో చాలామంది అక్కడే ఉన్నారు. పతంగుల రోజులు కాబట్టి పంగలున్న సంచితో నేనూ, ఆటోతో యాదగిరీ ఆవిడ కోసం వచ్చి ఉన్నాం. యాదగిరి నావైపు చూశాడు, నేను టీచరువైపు చూశాను. ఆవిడ తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, నా సంచిలోంచి వెడల్పు పంగ తీసుకుంది. ఎవరో చిన్నగా నవ్వారు. నేను పళ్ళెంలో దారం పేర్చాను. ఇది తప్పితే ఈ మనిషి మళ్ళీ ఆ కుర్చీలోంచి లేవదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. చాలాసేపు చెట్టువైపు చూసింది. బొటనవేలు జారిన పెదవి మూలకు వచ్చి ఆనింది, వెంటనే వదిలింది. గుండు గుడ్లగూబ పైనుంచి కొమ్మను దాటి అవతల నెమ్మదిగా దిగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ దుప్పటి అంచులు పట్టుకోవడంలో ఉన్నారు. టీచరు మాత్రం పంగను పౌడరు గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టి, లోపలికి వెళ్ళి ఖాళీ బెంచీలో కూర్చుంది. పక్షులకు వైద్యం చేసేవాళ్ళు గుడ్లగూబను తీసుకెళ్ళారు. రెక్క ఎముక విరిగిందట, కొన్నాళ్ళకు చనిపోయింది. ఆ సంగతి ఆవిడకు చెప్పడానికి భయపడుతూ వెళ్ళాను. విని, "చెట్టు మీద కాదు కదా" అంది.

ఆ తర్వాతి వానాకాలంలో ఆవిడ పోయింది. పెట్టెలో పడుకోబెట్టాక చూశాను. వెల్లకిలా పడుకున్న మొహంలో జారుడు పోయి సమంగా అయింది, దిగిన పెదవి మూల మళ్ళీ రెండోదాని వరసలోకి వచ్చింది. ఈ మొహానికి పాత పంగే సరిపోతుంది అని ఆ క్షణంలో నాకు తోచింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆవిడ ఇంటికి వెళ్ళి ట్రంకులోంచి పాత పంగ తెచ్చి బైబిలు పక్కన పెట్టాను. వెడల్పుది నాతో ఉండిపోయింది.

కింద ఆటో హారను వినిపిస్తోంది. మా అమ్మాయి టీ కప్పుతో వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా చేతికిచ్చి వెళ్ళింది. మొహం కడుక్కున్నాను, టీ తాగాను. నా పంగను, గుండ్లను, దారపు పళ్ళేన్ని సంచిలో పెట్టుకున్నాను. రెండోదాన్ని వెనక్కి పెట్టబోయి రబ్బరు లాగి చూశాను. బిగువుగా ఉంది. దాంతో కొట్టేవాళ్ళు లేకపోయినా ఏటా రబ్బరు మారుస్తాను. పడుకోబెట్టి పట్టుకుని, తోలు వెనక్కి లాగాను. నా బొటనవేలు నా పెదవి మూల దగ్గర ఆగిపోయింది. ఈ పంగకు అది చాలదు, ఇంకా కిందికి దిగాలి. ఆవిడ మొహంలో నవ్వని సగం అక్కడ ఉండేది.